మింట్‌తో మూడేళ్ళు: పేస్ట్ కాని ఆ రాత్రి

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు సగం ఇక్కడివి, సగం ఆంధ్రాలోని పాతపట్నం వైపువి. ఎడిటింగ్ కంప్యూటర్‌లో మూడేళ్ళుగా విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. అది ఎంత తేలికో, ఎంత ఖర్చు కలిసొస్తుందో అందరూ రాసేశారు, మళ్ళీ ఎందుకు? నా కోపమంతా ఒక్కదాని మీదే. బయటి హార్డ్ డ్రైవ్ పెడితే కొన్నిసార్లు చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. ఎందుకో చెప్పదు.

మొదటి ఏడాది ‘ఏ డ్రైవ్ పెట్టినా ఇట్టే తెరుచుకుంటుంది’ అని నలుగురికీ చెప్పుకు తిరిగాను. తెరుచుకోవడం వరకూ అది ఇప్పటికీ నిజమే.

ఓ పెళ్ళి సీజన్లో పెళ్ళికొడుకు బావమరిది రాత్రి తొమ్మిదికి 2 టీబీ డ్రైవ్ పట్టుకొచ్చాడు. తెల్లవారుజామున విశాఖ వెళ్ళిపోతాడట. కాపీ చెయ్యాల్సింది 180 జీబీ. డ్రైవ్ తెరుచుకుంది, లోపల ఫొటోలూ కనిపించాయి. రైట్ క్లిక్ చేస్తే పేస్ట్ మాత్రం మసకగా ఉంది, నొక్కినా పనిచెయ్యదు. పర్మిషన్ గొడవేమోనని, అందరికీ రాసే హక్కిచ్చే సీహెచ్‌మాడ్ 777 కమాండ్ కొట్టాను. సుడోతో, అంటే సిస్టమ్‌లో అన్ని అధికారాలూ ఉన్న ‘రూట్’ పేరున, కాపీ చేయబోయాను. రెండింటికీ ఒకటే జవాబు: ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ, అంటే చదవడానికి మాత్రమే. రూట్‌నే లెక్కచేయకపోతే ఇంకెవరిని చేస్తుంది?

“అన్నా, మీ సిస్టమ్ పాడైనట్టుంది. పక్క షాపుకి తీసుకెళ్ళనా?” అన్నాడు కుర్రాడు. ఒళ్ళు మండింది.

డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), కమాండ్లు టైప్ చేసే టెర్మినల్లో చేత్తో మౌంట్ చేస్తే (మళ్ళీ కలిపితే) అప్పుడు నోరు విప్పింది. విండోస్ తన వివరాలు కొన్ని ఇంకా క్యాష్‌లోనే (తన తాత్కాలిక నిల్వలో) ఉంచుకుంది, విండోస్‌ని పూర్తిగా ఆపి రండి, అందాకా చదవడానికే ఇస్తాను అని. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి పోతుంది. కుర్రాడు ల్యాప్‌టాప్ అలా ఆపేసి, ఎజెక్ట్ చెయ్యకుండా డ్రైవ్ లాక్కొచ్చాడు. ఆ స్థితిలో మనం పైన రాస్తే అంతా కలగాపులగం అయ్యేదే. అంటే మింట్ చేసింది మంచి పనే. ఆ ముక్క తెరమీద చెప్పి ఉంటే నేను గంటసేపు బుర్ర బద్దలుకొట్టుకునేవాణ్ణి కాదు.

ఇలా చిక్కుపడ్డ విండోస్ డ్రైవ్‌ని ఇక్కడే సరిచేయబోయే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉంది. నా డ్రైవే అయితే కొట్టేసేవాణ్ణేమో. అందులో వాళ్ళ అక్క నిశ్చితార్థం ఫొటోలున్నాయి, వేరే కాపీ లేదు. “తమ్ముడూ, ల్యాప్‌టాప్ కూడా తీసుకురా” అన్నాను. బైకు మీద పాతపట్నం పోయి పదిన్నరకి తెచ్చాడు. డ్రైవ్ పెట్టి విండోస్ ఆన్ చేసి, ఎజెక్ట్ చేసి, షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ ఇచ్చాం. మళ్ళీ మింట్‌కి పెడితే పేస్ట్ వెలిగింది. కాపీకి అరగంట పైనే పట్టింది. అంతసేపూ వాడు ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, పక్క షాపు ఊసెత్తలేదు.

తర్వాత నా బ్యాకప్ డ్రైవ్‌ని లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చాను. విచిత్రంగా అదీ రాయనివ్వలేదు. లక్షణం అదే, రోగం వేరు. ఫార్మాట్ చేశాక డ్రైవ్ రూట్ పేరున ఉండిపోయింది. యజమానిని మార్చే ఒక్క సీహెచ్‌ఓన్ కమాండ్‌తో నా పేరున మారింది, సుడో అక్కడ పనికొచ్చింది. కాకపోతే ఆ డ్రైవ్‌ని కస్టమర్ల విండోస్ మామూలుగా చదవదు, కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు సిస్టమ్‌లూ చదివే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ డ్రైవ్ ఒకటి విడిగా పెట్టాను. దానికి జర్నల్ (మధ్యలో ఆగితే డ్రైవ్‌ని సర్దుకునేందుకు రాసుకునే చిట్టా) ఉండదు. కాపీ మధ్యలో కరెంటు పోతే గుండె గుభేల్‌మంటుంది. యూపీఎస్ కొన్నది అందుకే.

నేనైతే మింట్ వదలను. రోజుకి ఒకటో రెండో డ్రైవ్‌లు వచ్చే షాపు నాది, టెర్మినల్ అంటే భయం లేదు. గంటకో కస్టమర్ డ్రైవ్ పట్టుకొచ్చే జెరాక్స్ షాపు వాళ్ళకి మాత్రం ధైర్యంగా చెప్పలేను. కౌంటర్ మీద ‘ఎజెక్ట్ చేసి, కంప్యూటర్ పూర్తిగా ఆపి తీసుకురండి’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంటించాను. చదివినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.