రష్ ఆల్బమ్‌లలో ఏది మేలు? గొంతు, రచన, రికార్డింగు కలిపి చూస్తే

కెనడా బ్యాండ్ రష్ అభిమానులు ఇద్దరు కలిస్తే "ఏ ఆల్బమ్ గొప్పది?" అన్న వాదన రాక తప్పదు. కాసేపు విన్నారంటే అది ఒక వాదన కాదని, మూడు వాదనలని తెలుస్తుంది. ఒకరు రచన గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు గాయకుడు గెడీ లీ గొంతు గురించి, మరొకరు రికార్డింగు నాణ్యత గురించి. ఎవరి మాటలో వాళ్లకు న్యాయం ఉంది కాబట్టే ఏదీ తేలదు.

అందుకే నేను మూడింటినీ కలిపి తూస్తాను. 1978 నాటి 'హెమిస్ఫియర్స్', 1981 నాటి 'మూవింగ్ పిక్చర్స్', 2002 నాటి 'వేపర్ ట్రెయిల్స్' తీసుకుంటాను. చివరిదాన్ని 2013లో మళ్లీ మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాయిద్యాలనూ కొత్తగా కలిపారు కాబట్టి లెక్కకు నాలుగు. నా నమ్మకం ఇది: రచన ఎంత గొప్పదైనా, గొంతును ఏ శ్రుతిలో పెట్టారు, దాని చుట్టూ ఎంత జాగా వదిలారు అన్నదాన్ని బట్టే ఒక ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి వినగలమా లేదా అన్నది తేలుతుంది.

రచన ఒక్కటే చూస్తే 'హెమిస్ఫియర్స్'తో పోటీ పడేది రష్‌లో మరొకటి లేదు. గ్రామఫోన్ రికార్డు మొదటి పక్క మొత్తం పద్దెనిమిది నిమిషాలు సాగే ఒకే రచన. బుద్ధికీ హృదయానికీ ప్రతినిధులైన దేవతల మధ్య పోరు దాని వస్తువు. అది ముందటేడు 'ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్' చివర్లో మొదలుపెట్టిన కథకు కొనసాగింపు. రెండో పక్క చివర గొంతే లేకుండా తొమ్మిదిన్నర నిమిషాలు నడిచే 'లా విల్లా స్ట్రాంజియాటో' ఉంది. అలెక్స్ లైఫ్‌సన్ గిటార్ ఎంత నేర్పుగా కోపాన్నీ జాలినీ పలికించగలదో తెలియాలంటే ముందు అదే వినాలి.

చిక్కంతా గొంతు దగ్గరే. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో వాయిద్యాలన్నీ రికార్డు చేసుకున్నాక, పాడటానికి లండన్‌లోని అడ్విజన్ స్టూడియోకు వెళ్లారు. సంగీతం కట్టేటప్పుడు శ్రుతి గాయకుడికి నప్పుతుందా అని చూసుకోలేదని అక్కడ గానీ తెలియలేదు. అప్పటికి వాయిద్యాల పని పూర్తయిపోయింది. శ్రుతి దించాలంటే మొత్తం మళ్లీ వాయించాలి. దాంతో గెడీ లీ ఆల్బమ్ పొడుగునా తారస్థాయి అంచున నిలబడి పాడాల్సి వచ్చింది. ఆ శ్రమ వినబడుతుంది. అభిమానుల్లో చాలామంది ఆ కీచుతనమే రష్ ముద్ర అంటారు. అంతకుముందు 1976లో వచ్చిన '2112' ఆల్బమ్ కథలో పూజారుల మాటలు పలికేటప్పుడు ఆ మాట నిజం, ఎందుకంటే అక్కడ అరుపు కథకు కావాలి. 'హెమిస్ఫియర్స్'లో అలా కాదు. దేవతలు శాంతి గురించి మాట్లాడే చోట కూడా గొంతు నరాలు బిగించుకునే ఉంటుంది. మాటల భావం ఒక దారి, గొంతు మరో దారి.

ఇందులో రికార్డింగుకు మాత్రం వంక పెట్టలేం. డ్రమ్మర్ నీల్ పియర్ట్ కొట్టే ప్రతి చిన్న గంటా, ప్రతి సింబల్ మోతా దాని చోట అది వినిపిస్తుంది. నాకు దీని మీద గౌరవం అపారం. అయినా ఒకే విడతలో చివరిదాకా విన్న ప్రతిసారీ గెడీ గొంతుతో పాటు నా చెవులూ అలసిపోతాయి.

ఆ పాఠం వాళ్లు వెంటనే నేర్చుకున్నారు. 1980 జనవరిలో వచ్చిన 'పర్మనెంట్ వేవ్స్'లోనే పాటలు కురచయ్యాయి, గొంతు కిందికి దిగింది. ఆ మార్పు పూర్తిగా పండింది 1981 ఫిబ్రవరిలో వచ్చిన 'మూవింగ్ పిక్చర్స్'లో. క్విబెక్‌లోని మోరిన్ హైట్స్ అనే ఊళ్లో, సరస్సు ఒడ్డున ఉన్న 'ల స్టూడియో' (Le Studio) అనే చోట చేశారు. ఏడే పాటలు, మొత్తం నలభై నిమిషాలు. గొప్పదనం అంతా ఆ పొదుపులోనే ఉంది.

'టామ్ సాయర్' మొదట్లో ఓబర్‌హైమ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు గుర్రుమంటుంది, దాని మీద గెడీ దాదాపు మాట్లాడినట్టే పాడతాడు. మధ్యస్థాయిలో గొంతు నిలకడగా ఉంటుంది కాబట్టి, పైకి లేచిన చోట ఆ లేవడానికి ఒక అర్థం ఏర్పడుతుంది. ఎప్పుడూ పైనే ఉండే గొంతుకు లేవడానికి చోటెక్కడిది? 'లైమ్‌లైట్' ఇంకా మంచి ఉదాహరణ. పేరు ప్రఖ్యాతులు మీద పడితే ముడుచుకుపోయే మనిషి మాటలవి. బ్యాండ్ పాటలకు మాటలు రాసే పియర్ట్ వాటిని తన గురించే రాసుకున్నాడు. వాటిని గెడీ తన మాటలన్నంత దగ్గరగా పాడాడు. ఒకరు రాసి మరొకరు పాడే బ్యాండ్‌లో ఈ కలయిక అంత తేలిగ్గా కుదరదు. నా దృష్టిలో గాయకుడిగా గెడీ లీకి అదే శిఖరం.

పాతవాళ్లు కొందరు ఇక్కడితో ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడుగాటి క్లిష్ట రచనల రాక్, పలచబడిందని బాధపడతారు. ఆ మాట నేను ఒప్పుకోను. 'వై వై జెడ్' మొదలయ్యేదే టొరంటో విమానాశ్రయం సంకేతాక్షరాల మోర్స్ కోడ్ లయతో, ఐదు దెబ్బల నడకలో. 'ది కెమెరా ఐ' పదకొండు నిమిషాల రచన. ఆ తర్వాత పది నిమిషాలు దాటిన స్టూడియో పాట వాళ్లు మళ్లీ చేయలేదు. అంటే క్లిష్టత ఎక్కడికీ పోలేదు, వినేవాళ్ల మీద పడకుండా సర్దుకుంది. రికార్డింగు సంగతికొస్తే, బేస్ గిటార్ ఒకచోట, గిటార్ ఒకచోట, డ్రమ్స్ వెడల్పుగా వెనక, నడుమ గొంతు. ముగ్గురే వాయిస్తున్నా నిండుగా ఉంటుంది, నిండుగా ఉన్నా ఇరుకుండదు. నిర్మాత టెర్రీ బ్రౌన్‌కు ఈ ఘనతలో పెద్ద వాటా ఉంది. తర్వాతి 'సిగ్నల్స్'లో సింథసైజర్లు ముందుకొచ్చి గిటార్ వెనకబడింది. బ్రౌన్ వాళ్లతో చేసిన చివరి ఆల్బమ్ కూడా అదే. ఆ సింథసైజర్ల దశకు వేరే అభిమానులున్నారు. నాకు అందులో లైఫ్‌సన్ లేని లోటు తీరదు.

ఇక అసలు తగువు 'వేపర్ ట్రెయిల్స్'. దీని గురించి తేలిగ్గా మాట్లాడటం నాకు చేతకాదు. 1997లో పియర్ట్ కూతురు కారు ప్రమాదంలో చనిపోయింది. మరుసటి ఏడు భార్య క్యాన్సర్‌తో పోయింది. అతను డ్రమ్స్ వదిలేసి, మోటార్ సైకిల్ మీద ఉత్తర అమెరికా అంతా తిరిగాడు. బ్యాండ్ ఇక లేనట్టే అనుకున్నాక ముగ్గురూ మళ్లీ కలిసి చేసిన ఆల్బమ్ ఇది. మొదటి పాట అతని డ్రమ్స్‌తోనే మొదలవుతుంది. కీబోర్డులు లేవు. గిటార్ సోలోలు వాడుక పద్ధతిలో లేవు. గెడీ తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి, కీబోర్డులు నింపాల్సిన చోటు నింపాడు. రాతలో ఇంత బరువు, గొంతులో ఇంత కరుణ ఉన్న ఆల్బమ్ వాళ్లది మరొకటి లేదు.

కాని 2002లో వచ్చిన సీడీ వినడం కష్టం. డిజిటల్ రికార్డింగులో శబ్దతీవ్రతకు దాటరాని హద్దు ఒకటి ఉంటుంది. డిస్కు మోతగా వినబడాలని చిన్న శబ్దాలను పెంచుతూ పోతే, పెద్ద శబ్దాల కొనలు ఆ హద్దుకు తగిలి తెగిపోతాయి. దాన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన చోటల్లా చిటపట, గరగర పుడతాయి. డ్రమ్ దెబ్బకీ దాని వెనక గిటార్‌కీ మధ్య ఎత్తుపల్లం పోతుంది. ఆ రోజుల్లో చాలా రాక్ సీడీలకు ఈ జబ్బు పట్టింది, రష్‌ది మరీ ముదిరిన కేసు. పైగా పాడైంది మాస్టరింగ్‌లో, అంటే మిక్స్ అయ్యాక చేసే చివరి సర్దుబాటులో మాత్రమే కాదు, మిక్స్‌లోనూ. అందువల్ల ఆ చివరి సర్దుబాటు ఒక్కటే మళ్లీ (రీమాస్టర్) చేస్తే బాగుపడదు. విడివిడి ట్రాకులకు వెళ్లి మళ్లీ మిక్స్ చేయాల్సిందే. 2009లో ఒక సంకలనం కోసం సౌండ్ ఇంజనీర్ రిచర్డ్ చికీ రెండు పాటలు అలా చేసి చూపించాక ఆశ పుట్టింది. 2013లో డేవిడ్ బాట్రిల్ మొత్తం ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేశాడు.

పాత సీడీయే మేలు అనేవాళ్లున్నారు. ఆ గరుకుదనం ఆ దుఃఖానికి తగ్గట్టే ఉంది, నునుపు చేస్తే వేడి తగ్గింది అంటారు. 'వన్ లిటిల్ విక్టరీ' ఒక్కదాని విషయంలో వాళ్ల మాటలో కొంత బలం ఉంది. పాతదానిలో ఆ డ్రమ్స్ మీదికి దూకినట్టే ఉంటాయి. కాని 'ఘోస్ట్ రైడర్' తీసుకోండి. పాతదానిలో గెడీ గొంతు పొరలన్నీ ఒకే ముద్ద. 2013 మిక్స్‌లో ఒక్కో పొర విడివడి, దేనికి ఏది బదులు పలుకుతోందో తెలుస్తుంది. దుఃఖం గొంతులో ఉంది, మాటల్లో ఉంది, వాయింపులో ఉంది. అది చెవికి చేరాలంటే చిటపట అడ్డు తొలగాలి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: 2013దే మేలు.

కొత్తగా వినేవాళ్లు 'మూవింగ్ పిక్చర్స్'తో మొదలుపెట్టండి. గొంతు, రచన, రికార్డింగు మూడూ ఒక్క మాట మీదున్న ఆల్బమ్ అదే. రెండోది 2013 నాటి 'వేపర్ ట్రెయిల్స్'. 'హెమిస్ఫియర్స్' మూడోది. దాన్ని తక్కువ చేయడం కాదు, ఆ గొంతుకు చెవి అలవాటు పడ్డాకే దాని రచన పూర్తిగా అందుతుంది. ముందు రెండో పక్క విని, తర్వాత మొదటి పక్కకు వెళ్తే ఇంకా మంచిది.

'వేపర్ ట్రెయిల్స్' రెండు రూపాల్నీ మీరే పోల్చుకోదలిస్తే ఒక జాగ్రత్త తీసుకోండి. పాత సీడీని అదే వాల్యూమ్‌లో పెడితే మోత ఎక్కువ కాబట్టి మొదటి నిమిషం అదే బాగున్నట్టు అనిపిస్తుంది. మోతగా ఉన్నదాన్ని చెవి మెచ్చుకోవడం సహజం. పాతదాని వాల్యూమ్ తగ్గించి, రెండింటిలో గొంతు ఒకే తీవ్రతతో వినబడేలా సరిచూసుకుని, ఒక పాటైనా పూర్తిగా విన్నాకే తీర్పు చెప్పండి.