ఈజిప్టు గ్రూప్ టూర్ కడుతున్నారా? ఆ పుట్టగొడుగు రాయి ఫోటో చూసి మాత్రం కట్టకండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. పొద్దున లేచి ఫోన్ తీస్తే చాలు ఎదురొచ్చే ఆ రీల్స్ టూర్ కంపెనీ వాళ్ళే. తెల్లటి రాయి ఒకటి పుట్టగొడుగులా నిలబడి ఉంటుంది, పక్కన గుడారం, పైన చుక్కలు, వెనక వేణువు. తెలుగు మేనేజరు, తెలుగు భోజనం, "మీ ఇంటి మనుషుల్లా చూసుకుంటాం". చూసుకున్నారు లెండి.

ఆ రాయి ఉండేది ఈజిప్టు పడమటి ఎడారిలో, వైట్ డెజర్ట్ అనే చోట. కైరో నుంచి బహరియా ఒయాసిస్‌కి రోడ్డు మీద దాదాపు 370 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి జీపుల్లో ఫరాఫ్రా వైపు ఇంకా లోపలికి పోవాలి. మా ప్యాకేజీ కాగితంలో "బహరియా, బ్లాక్ డెజర్ట్, వైట్ డెజర్ట్, రాత్రి బస గుడారాల్లో" అని లావు అక్షరాల్లో ఉంది. మిగతా కంపెనీల కంటే మనిషికి నలభై వేలు ఎక్కువైనా వీళ్ళ దగ్గరే కట్టింది ఆ ఒక్క రాత్రి కోసం. పిరమిడ్లు ఎవడైనా చూపిస్తాడు. నాన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఆయనకి ఆ ఎడారి చూడాలని ఎప్పట్నించో ఉంది. ఇద్దరం బయల్దేరాం. నిన్న రాత్రి శంషాబాద్‌లో దిగాం, సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, ఒళ్ళు మండిపోతోంది కాబట్టి ముందు ఇది రాస్తున్నా.

మిగతా టూర్ గురించి త్వరగా చెప్పేస్తాను. అబూ సింబెల్ బాగుంది, అబద్ధం చెప్పకూడదు. అస్వాన్ నుంచి తెల్లవారుజామున నాలుక్కి లేపి 280 కిలోమీటర్లు తీసుకెళ్ళారు. ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని 1960ల్లో కొండని ముక్కలుగా కోసి పైకి మార్చి పేర్చిన గుడి అది. ఎక్కడ అతికించారో వెతుక్కుంటూ నాన్న గోడల పక్కనే తిరిగారు. క్రూజ్‌లో భోజనం కూడా వంక పెట్టేలా లేదు. కానీ లక్సర్‌లో కర్నాక్ గుడికి ఇచ్చింది ముప్పావుగంట! 134 స్తంభాల మండపం. తల పైకెత్తి కప్పు దగ్గర ఇంకా మిగిలున్న రంగులు చూస్తున్నామో లేదో, మేనేజర్ గారి ఈల. అవును, ఆయన మెళ్ళో ఈల ఉంటుంది, పీఈటీ సారు లాగా. అదే పేపిరస్ (పాతకాలపు ఈజిప్టు కాగితం) షాపులో గంటన్నర. కాడ చీల్చి, నానబెట్టి, అడ్డం నిలువు పేర్చి, రోలరుతో నొక్కి చూపించారు. "ఇది అసలుది, బయట అమ్మేది అరటి నార" అన్నారు. మీ పేరు బొమ్మల అక్షరాల్లో రాసిస్తామన్నారు. ఆ గంటన్నరా మేనేజర్ గారు కౌంటర్ వెనక కుర్చీలో పుదీనా టీ తాగుతూ ఉన్నారు. తర్వాత అత్తరు షాపు, ఆ తర్వాత లక్సర్ పడమటి గట్టున అలబాస్టర్ రాళ్ళ షాపు. అక్కడా టీ ఆయనకే.

పాత ఈజిప్టు రాజుల సమాధులుండే వ్యాలీ ఆఫ్ ద కింగ్స్ సంగతి కూడా విని పెట్టుకోండి. మామూలు టికెట్టుకి మూడు సమాధులు చూడొచ్చు. టుటన్‌ఖమన్‌కి వేరే టికెట్టు, మొదటి సెతికి వేరే టికెట్టు. బ్రోచర్ లోపలి పేజీ నిండా మాత్రం టుటన్‌ఖమన్ బంగారు ముఖమే. ఇదేంటండీ అని అడిగితే "ఆ మాస్కు మ్యూజియంలో ఉంది కదా మేడం, అది చూపిస్తున్నాంగా" అన్నారు. మాస్కు మ్యూజియంలోనే ఉంది, మనిషి మాత్రం ఆ సమాధిలోనే ఉన్నాడు మహాశయా. మేమే కార్డు గీకి విడిగా టికెట్లు తీసుకుని వెళ్ళొచ్చాం. బస్సు దగ్గరికి ఐదు నిమిషాలు లేటొచ్చామని ఈల.

ఇవన్నీ సర్దుకుపోయాం. గ్రూప్ టూరంటే అంతేలే అనుకున్నాం. ఎడారి ఉంది కదా, అదొక్కటి దక్కితే చాలనుకున్నాం.

ఆ రోజు పొద్దున ఆరింటికి బయల్దేరాలి. తొమ్మిదయినా బస్సు కదల్లేదు. శీతాకాలం రాత్రి ఎడారిలో చలి కొరుకుతుందని నాన్న లోపల ఉన్ని బనీను, పైన స్వెటరు వేసుకుని, మంకీ క్యాప్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. చివరికి బయల్దేరింది. అరగంట కాలేదు, నాన్న కిటికీలోంచి చూసి, "ఏమే, మళ్ళీ పిరమిడ్లు కనబడుతున్నాయేంటి?" అన్నారు.

కనబడ్డాయి మరి. గీజా పీఠభూమి వెనక పక్క, క్వాడ్ బైకులు అద్దెకిచ్చే చోట ఆగింది బస్సు. మేనేజర్ గారు మైకు అందుకున్నారు. "చిన్న చేంజ్ అండీ. అక్కడ సెక్యూరిటీ ప్రాబ్లం, గవర్నమెంట్ లాస్ట్ మినిట్‌లో పర్మిషన్ ఇవ్వలేదు. మీ సేఫ్టీ మాకు ముఖ్యం. ఇక్కడే సూపర్ డెజర్ట్ సఫారీ అరేంజ్ చేశాం, రాత్రికి కల్చరల్ ప్రోగ్రాం."

నాన్న లేచి నిలబడి మర్యాదగానే అడిగారు. "పర్మిషన్‌కి ఎప్పుడు అప్లై చేశారు బాబూ?"

"మాస్టారూ, ఎడారి ఎడారే కదండీ. ఇసుక ఎక్కడైనా ఇసుకే. ఈ వయసులో ఆ చలిలో నేల మీద పడక మీకెందుకు చెప్పండి? నేను ఏసీ రూములో పడుకోబెడుతున్నాను."

"మేం వచ్చింది ఇసుక కోసం కాదు నాయనా. అది సుద్దరాయి."

"సుద్దముక్కలు మీ స్కూల్లో బోలెడు దొరుకుతాయి కదా మాస్టారూ!"

మైకులోనే అన్నాడు. బస్సంతా నవ్వింది. (ఇక్కణ్ణుంచి "గారు" రాయడం నా వల్ల కాదు.) ముప్పై ఐదేళ్ళు పాఠం చెప్పిన మనిషిని, లక్షలు కట్టి ఎక్కిన బస్సులో, ఆయన కొడుకు వయసువాడు మైకులో ఎగతాళి చేస్తే, మన తెలుగువాళ్ళే నవ్వారు. నాన్న కూర్చుని మంకీ క్యాప్ మడతపెట్టి సంచీలో పెట్టుకున్నారు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు రాత్రి రెండింటికి ఒక్కో జవాబూ తడుతోంది, ఏం లాభం.

అంతలో ముందు సీటు నుంచి ఒక కాగితం, ఒక పెన్ను వెనక్కి రావడం మొదలెట్టాయి. "హోటల్ చెకిన్ కోసం అండీ, సంతకాలు పెట్టేయండి." అందరూ మోకాలి మీద పెట్టుకుని గీకేస్తున్నారు. మా దగ్గరికొచ్చాక చదివాను. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ప్రయాణికులందరూ తమ ఇష్టపూర్వకంగానే కార్యక్రమంలో మార్పు కోరారనీ, దీనిమీద ముందు ముందు డబ్బు వాపసు అడగబోరనీ. చెకిన్ అట, చెకిన్!

పెట్టను అన్నాను. మైకు మళ్ళీ ఆన్. "ఇద్దరు సైన్ చెయ్యలేదండీ. పేపర్ కంప్లీట్ కాకుండా వీళ్ళు బైకులు వదలరంట. లంచ్ లేటయితే నన్నడక్కండి." అంతే. మేనేజరు మీద రావాల్సిన కోపం మా మీదికి తిరిగింది. "పెట్టేయమ్మా, పోయేదేముంది", "అందరికీ లేని బాధ మీకొక్కళ్ళకేంటండీ", "పిల్లలు ఆకలికి ఆగలేరు". ఇందులో రెండో మాట అన్నావిడ క్రూజ్‌లో నా ఆవకాయ సీసా సగానికి తెచ్చినావిడే. మేం పెట్టలేదు. ఆ కాగితం మా పేర్లు లేకుండానే ముందుకెళ్ళింది, బైకులు కూడా చక్కగా వదిలారు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. మాతో ఉన్న ఈజిప్టు గైడు అమ్మాయి చాలా మంచిది, చదువుకున్నది. నాన్న అడిగే ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పేది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుని, "పర్మిట్ కోసం మా ఆఫీసుని ఎవరూ అడగనే లేదు" అంది. ఫోన్లో మా గ్రూపు ప్రోగ్రాం తీసి చూపించింది. మేం ఇండియాలో విమానం ఎక్కకముందే ఇక్కడి ఏజెంటుకి పంపిన కాగితం అది. ఆ తేదీ ఎదురుగా "గీజా సఫారీ" అనే ఉంది. బహరియా అన్న మాటే లేదు. అంటే డబ్బు కట్టించుకున్నప్పుడే వీళ్ళకి ఆ రాత్రి ఉండదని తెలుసు. లాస్ట్ మినిట్ లేదు, గవర్నమెంట్ లేదు. (ఆ అమ్మాయి ఎవరని నన్నడక్కండి. ఉద్యోగం పోతుంది పాపం.)

పర్మిట్ చిన్న విషయం కాదని మాకూ తెలుసు. ఆ పడమటి ఎడారిలోనే 2015లో భద్రతా దళాలు మెక్సికో టూరిస్టుల బృందాన్ని తీవ్రవాదులనుకుని కాల్పులు జరిపితే 12 మంది చనిపోయారు. అందుకే పాస్‌పోర్టు కాపీలు ముందే పంపి అనుమతి తెచ్చుకోవాలి, దారిలో చెక్‌పోస్టులు దాటాలి. నిజంగా అనుమతి రాకపోతే బుకింగ్ రోజే చెప్పొచ్చు, ఆ నలభై వేలూ తగ్గించొచ్చు. మేం దండం పెట్టి ఊరుకునేవాళ్ళం.

ఇక ఆ "సూపర్ సఫారీ". పొగ కక్కే బైకుల మీద రెండు చుట్లు. ఒంటె ఎక్కడం ఫ్రీ, దిగాలంటే డబ్బులు. సీరియల్ లైట్లు చుట్టిన గుడారం, చెవులు పగిలే స్పీకర్లు, లైట్ల గాగ్రా వేసుకుని గిరగిరా తిరిగే తనూరా డ్యాన్సరు. ఆయన్ని ఏమీ అనను, ఒళ్ళు హూనం చేసుకుని ఆడాడు. తెలుగు భోజనం అంటే ప్యాకెట్ పొడితో సాంబారు. దానికంటే ఆ క్యాంపు కుర్రాళ్ళు తెచ్చుకున్న కొషారీ వెయ్యి రెట్లు నయం. అన్నం, మాకరోనీ, మసూర్ పప్పు, శనగలు, పైన కరకరలాడే ఉల్లిపాయలు, టమాటా పులుసు. శాకాహారులు ఈజిప్టులో ఏం తింటామో అని భయపడి ఈ తెలుగు భోజనం వలలో పడకండి. ప్రతి వీధిలో కొషారీ ఉంటుంది.

ఇసుక ఎక్కడైనా ఇసుకే అన్నాడు కదా, మేం పోగొట్టుకున్నదేంటో కూడా రాస్తాను. ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సుద్ద అది. గాలి చెక్కీ చెక్కీ పుట్టగొడుగులుగా, కోడిపెట్టలుగా మిగిలిన రాళ్ళు. పక్కా తెలుపు. దానికి ముందు బ్లాక్ డెజర్ట్‌లో కొండల మీద నల్లటి అగ్నిపర్వత రాళ్ళు పరిచినట్టుంటాయి. 2002 నుంచీ వైట్ డెజర్ట్ రక్షిత ప్రాంతం. రాత్రి గుడారాల దగ్గరికి పెద్ద చెవుల చిన్న నక్కలు వస్తాయి, అన్నం మెతుకుల కోసం. ఇవన్నీ నాన్న నాకు విమానంలో వెళ్ళేటప్పుడు చెప్పినవి. వచ్చేటప్పుడు నిద్రపోయారు.

పొద్దున ఆఫీసుకి ఫోన్ చేశాను. "మెజారిటీ మెంబర్స్ సైన్ చేశారు కదా మేడం" అన్నారు. మా సంతకాలు లేవు కదా అంటే "డెజర్ట్ యాక్టివిటీ ప్రొవైడ్ చేశాం కదా" అన్నారు. ఇంకాసేపు గట్టిగా అడిగితే కాశ్మీర్ ప్యాకేజీలో ఐదు వేలు డిస్కౌంట్ ఇస్తామన్నారు. మళ్ళీ వీళ్ళతోనే వెళ్ళాలన్నమాట! వాట్సాప్ గ్రూపులో ఇదే రాస్తే నిమిషంలో మెసేజ్ మాయం, తర్వాత నేనూ మాయం. రీల్ మాత్రం ఇప్పుడు కూడా తిరుగుతోంది, అదే రాయి, అదే వేణువు. రీల్ చూసి లక్షలు కట్టినదానికి ఇంతకంటే ఏం దొరుకుతుంది లెండి.

సరే, వెళ్ళాలనుకునేవాళ్ళకి. వైట్ డెజర్ట్ అని ఎవరైనా రాస్తే, డబ్బు కట్టేముందే పర్మిట్ ఎవరు తీస్తున్నారో, అక్కడి ఏజెంటు ఎవరో, వాళ్ళ ప్రోగ్రాం కాగితమే పంపమని అడగండి. ఇక్కడి బ్రోచర్ కాదు, అక్కడిది. సమాధుల్లో ఏవి టికెట్లో ఉన్నాయో పేర్లతో సహా రాయించుకోండి, కార్డు దగ్గర పెట్టుకోండి. బస్సులో ఏ కాగితం వచ్చినా చదవండి. ఎడారి ఒక్కటే కావాలంటే కైరో దాకా మీరే వెళ్ళి బహరియా వాళ్ళతో నేరుగా మాట్లాడుకోవడం మేలని ఆ గైడు అమ్మాయే చెప్పింది.

మేం వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వాళ్ళ ఆఫీసు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. బ్రోచరు, రసీదులు, రీల్ స్క్రీన్ రికార్డింగు ఉన్నాయి. ఆ సంతకాల కాగితం మాత్రం మా దగ్గర లేదు. చివరి సీట్లో కూర్చున్న వైజాగ్ దంపతులు ఫోటో తీశామన్నారు, గ్రూపులోంచి తీసేశాక వాళ్ళ నంబరు నాకు దొరకలేదు. ఇది మీ కంటబడితే ఆ ఫోటో పంపండి అన్నయ్యా. సోమవారం లోపు కావాలి.