పాత బుల్లెట్‌కు డిస్క్ ఫోర్కులు: ఆరేళ్లు, 41,000 కిలోమీటర్ల తరువాత

1996లో తయారైన నా బుల్లెట్ 350కి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు మార్చి ఆరేళ్లు దాటింది. 2018 ఆగస్టులో, డిస్క్ బ్రేకు ఉన్న బుల్లెట్ ఎలక్ట్రా ముందుభాగాన్ని, అంటే ఫోర్కులు, వాటిని చట్రానికి కలిపే కింది టీ, చక్రం, డిస్క్, దాన్ని నొక్కి ఆపే కాలిపర్ అన్నిటినీ కలిపి, సెకండ్ హ్యాండ్‌లో కొని బిగించాను. అప్పటి నుంచి బండి 41,000 కిలోమీటర్లు తిరిగింది. బిగించిన వారానికే ఈ సమీక్ష రాసి ఉంటే వేరే విధంగా ఉండేది. ఆ వారంలో ఎదురైన ప్రతివారికీ బండి పూలరథంలా నడుస్తోందని చెప్పాను. ఆ మాటలో సగాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఏ సగమో, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఉండేది కర్నూలులో. నెలకు ఒకసారైనా ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లి వస్తాను. నల్లమలలోని ఆ ఘాట్ మలుపులు బండిలోని గుణాన్నీ లోపాన్నీ దాచనివ్వవు. నా బండికి మొదట ఉన్నది ఆరంగుళాల డ్రమ్ము బ్రేకు. చదును దారిలో దానితో సర్దుకుపోవచ్చు. వెనక మనిషి, సామాను ఉండి శిఖరం నుంచి దోర్నాల వైపు దిగేటప్పుడు మాత్రం, నాలుగైదు మలుపులయ్యేసరికి డ్రమ్ము వేడెక్కి, లీవరు హ్యాండిల్‌కు ఆనుకున్నా బండి ఆగేది కాదు. ఇంజను బిగువు మీద, కాలి బ్రేకు మీద భారం వేసి దిగేవాణ్ణి. దీనికి తోడు మరో మూడు బాధలు ఉండేవి. గుంతలో పడితే ఇనుముకు ఇనుము తగిలినట్టు ఠక్కుమనే చప్పుడు. స్పీడ్ బ్రేకరు దిగిన తరువాత ముందుభాగం రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఊగడం. వేగం అరవై దాటితే హ్యాండిల్‌లో సన్నని వణుకు. ఈ మూడింటికీ కారణం పాత ఫోర్కులేనని తీర్మానించుకున్నాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

ఎలక్ట్రా ఫోర్కులనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1949లో ఇంగ్లండులో వచ్చిన బుల్లెట్‌కే, ఒక గొట్టంలో మరొకటి జారే టెలిస్కోపిక్ ఫోర్కులు ఉన్నాయి. 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బండ్లలో ఆ అమరిక దశాబ్దాలపాటు మౌలికంగా మారలేదు. పాత బుల్లెట్‌లో పై టీ అంటూ వేరుగా ఉండదు. హెడ్‌లైటునూ మీటర్లనూ పొదిగిన తొడుగే ఫోర్కు పైపుల పైకొసలను పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రాదీ అదే పద్ధతి కాబట్టి, పులికళ్లనే చిన్న లైట్లతో సహా నా పాత తొడుగును అలాగే ఉంచుకోగలిగాను. కాంటినెంటల్ జీటీ 535 ఫోర్కులు పెట్టమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. వాటి పైపు 41 మిల్లీమీటర్ల లావు, చక్రం 18 అంగుళాలది, ఫోర్కు కదలిక 110 మిల్లీమీటర్లే. వాటిని 19 అంగుళాల చక్రానికి రూపొందించిన చట్రానికి తగిలిస్తే తొడుగు పోతుంది, లేతు పని పెరుగుతుంది, ముందు ఎత్తు తగ్గుతుంది. ముందు ఎత్తు తగ్గిన బండి హ్యాండిల్‌ను తేలిగ్గానే తిప్పుతుంది కాని, తిన్నని దారిలో నిలకడ కోల్పోతుంది. బుల్లెట్‌కు ఉన్న ఆస్తే ఆ నిలకడ. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఎలక్ట్రా పైపుల లావు 35 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో కొలిస్తే నా పాత పైపులదీ దాదాపు అంతే. ‘మెరుగైన ఫోర్కులు’ అని నేను ఘనంగా చెప్పుకున్నవి లావులో గాని, లోపలి నిర్మాణంలో గాని వేరే జాతివి కావు. తేడా ఉన్నదల్లా కాలిపర్‌ను మోసే బాటమ్‌లో (ఫోర్కు కింది గొట్టంలో), కొంచెం గట్టి స్ప్రింగులలో, 280 మిల్లీమీటర్ల డిస్క్‌లో.

పాత సామాన్ల దుకాణంలో కొన్న ఆ సెట్టుకు 9,500 రూపాయలు ఇచ్చాను. పడిన బండి నుంచి తీసినది కాదని అమ్మిన వ్యక్తి ప్రమాణం చేశాడు. ఇంటికి తెచ్చి పైపులను విప్పి, అద్దాల బల్ల నుంచి తీసిన మందపాటి అద్దం మీద ఒక్కొక్కటిగా దొర్లించాను. మొదటిది చడీచప్పుడు లేకుండా దొర్లిపోయింది. రెండోది ప్రతి చుట్టులోనూ ఒకచోట టక్కుమని ఆగి, మళ్లీ కదిలింది. కళ్లను అద్దం మట్టానికి తెచ్చి, అవతల టార్చి పెట్టి చూస్తే పైపు నడుమ కింద దారంత వెలుగు కనిపించింది. వంగింది. వంగిన పైపును ప్రెస్సులో పెట్టి తిన్నగా చేయిస్తామన్నవారు ఉన్నారు. బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా మోసే పైపు విషయంలో అటువంటి పొదుపు చేయలేక, రెండు కొత్త పైపులు, అవి జారే బుష్‌లు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు కొన్నాను. సెకండ్ హ్యాండ్ ఫోర్కులు కొనేవారు ఈ అద్దం పరీక్షను దుకాణంలోనే చేయడం మంచిది. అద్దం తీసుకొస్తామంటే దుకాణదారు ముఖం చిట్లించినా సరే.

బిగించే రోజున మా మెకానిక్ హ్యాండిల్‌ను రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, ఫోర్కుల సంగతి తర్వాత, ముందు కోన్ సెట్టు చూడాల” అన్నాడు. హ్యాండిల్ తిరిగే ఇరుసుకు పైనా కిందా ఉండే బేరింగులే కోన్ సెట్టు. టీ దించగానే వాటి గుండ్లు నేలమీద పడి దొర్లాయి. పైన పంతొమ్మిది, కింద పంతొమ్మిది ఉండవలసినవి. వెతికి లెక్కపెడితే ముప్పై నాలుగే దొరికాయి. మిగిలిన నాలుగు ఏనాటి నుంచి లేవో తెలియదు. గుండ్లు తిరిగే ఇనుప గిన్నెను గుడ్డతో తుడిచి, గోటిని చుట్టూ నడిపితే, ప్రతి గుండు కూర్చున్నచోటా చిన్న గుంట తగిలింది. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు గుండ్లు ఆ గుంటల్లోకి దిగి కూర్చుంటాయి. బండి వాటిలోంచి బయటికి రావడానికీ, మళ్లీ పడడానికీ మధ్య ఊగిసలాడుతుంది. అరవై దాటితే వచ్చే వణుకు అదే. ఆ జబ్బుకూ ఫోర్కులకూ సంబంధమే లేదు. కొన్ని వందల రూపాయల కోన్ సెట్టుతో అది శాశ్వతంగా పోయింది.

బిగింపులో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటి పదిహేను రోజులు బండి ఎడమకు లాగేది. చిన్న గతుకులకు ఫోర్కు కదలకుండా మొరాయించి, పెద్ద గతుకుకు ఒక్కసారిగా దిగేది. సీళ్లు కొత్తవి కాబట్టి పట్టుగా ఉన్నాయని సర్దిచెప్పుకున్నాను. చివరికి టేపుతో కొలిస్తే, ఒక పైపు రెండోదానికన్నా మూడు మిల్లీమీటర్లు పైకి ఉంది. రెండు కాళ్లూ సమాంతరంగా లేకపోతే లోపలి బుష్ పైపును ఒకవైపు నుంచి నొక్కుతూ ఉంటుంది. కింది టీ బోల్టులను వదులు చేసి, పైపులను పైన తొడుగులో పూర్తిగా కూర్చోబెట్టి, యాక్సిల్ క్యాపులను కూడా కొద్దిగా వదిలి, బండి మీద కూర్చొని ముందుభాగాన్ని పదిసార్లు బలంగా అదిమిన తరువాత, కింది నుంచి పైకి ఒక్కొక్క బోల్టునూ బిగించాము. పది నిమిషాల పని. దానితో వచ్చిన మార్పు ఫోర్కులు మార్చినప్పటికంటే ఎక్కువగా చేతికి తెలిసింది.

స్ప్రింగుల విషయం. చక్రం గాలిలో ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి తొడుగు అంచుదాకా ఉన్న దూరాన్నీ, నేను ఎక్కి కూర్చున్నప్పటి దూరాన్నీ కొలిచి తీసివేస్తే, పాత ఫోర్కులు నా బరువుకు 55 మిల్లీమీటర్లు దిగేవి. అంటే గుంత రాకముందే కదలికలో చాలా భాగం ఖర్చయిపోయేది. ఎలక్ట్రావి 38 మిల్లీమీటర్లు దిగాయి. ఆయిల్ మొదట పలుచనిది పోశాను, ముందుభాగం ఊగడం మిగిలింది. తరువాత దానికన్నా ఒక మెట్టు చిక్కనిది పోస్తే స్పీడ్ బ్రేకరు తరువాత ఒక్క ఊపుతో ఆగిపోయింది. అంతకన్నా చిక్కనిది ప్రయత్నించి పశ్చాత్తాపపడ్డాను: వరుస గతుకుల మీద ఫోర్కు తిరిగి పైకి రావడానికి సమయం చాలక, అంతకంతకు బిగుసుకుపోతుంది. ఎంత పోశామన్నది కూడా చిక్కదనమంత ముఖ్యమే. రెండు కాళ్లలోనూ ఆయిల్ సమానంగా ఉండాలి.

ఇక నేను వెనక్కి తీసుకుంటున్న సగం. 2020లో మా బావమరిది తన 1994 బుల్లెట్‌ను బాగు చేయించుకుంటూ, “బావా, నాకూ డిస్క్ ఫోర్కులు చూసిపెట్టు” అని అడిగాడు. డబ్బు చాలక, ప్రస్తుతానికి పాత ఫోర్కులకే కొత్త స్ప్రింగులు, బుష్‌లు, సీళ్లు, ఆయిల్, కోన్ సెట్టు వేయించాము. తరువాత ఇద్దరం బండ్లు మార్చుకుంటూ కర్నూలు నుంచి నందికొట్కూరు దాకా వెళ్లివచ్చాము. మెత్తదనంలో, చప్పుడు లేకపోవడంలో, హ్యాండిల్ నిలకడలో అతని బండికీ నా బండికీ నాకు తేడా తెలియలేదు. కళ్లకు గంతలు కట్టి ఎక్కిస్తే ఏది ఏదో చెప్పలేకపోయేవాణ్ణి. నేను వేల రూపాయలు పోసి కొన్నాననుకున్న సుఖం నిజానికి కొత్త స్ప్రింగులదీ, కొత్త బుష్‌లదీ, తాజా ఆయిల్‌దీ. ఠక్కుమన్న చప్పుడు బుష్‌ల అరుగుదల, ఊగడం అడుగంటిన ఆయిల్, వణుకు కోన్ సెట్టు. మూడింటికీ మందు పాత ఫోర్కులలోనే ఉంది.

వెనక్కి తీసుకోని సగం బ్రేకు. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. శిఖరం నుంచి దిగేటప్పుడు చివరి మలుపు దగ్గర కూడా లీవరు మొదటి మలుపు దగ్గర ఉన్నచోటే ఉంటుంది. రెండు వేళ్లు చాలు. 2021 వర్షాకాలంలో, దోర్నాల ఇవతల మలుపులో గేదె అడ్డం వచ్చినప్పుడు దానికి బారెడు దూరంలో ఆగాను. గేదె మాత్రం నావైపు ఒకసారి చూసి, నెమరు వేస్తూ నిలబడింది. పాత డ్రమ్ముతో అక్కడ ఆగేవాణ్ణి కానని నాకు గట్టి నమ్మకం. అయితే ఈ బలాన్ని వాడడం నేర్చుకోవాలి. నేను కొన్న సెట్టుకు, చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ లేదు. మొదటి నెలలో, రోడ్డు మీద ఇసుక పరుచుకున్నచోట పాత అలవాటుతో నాలుగు వేళ్లతో నొక్కి, ముందు చక్రం పట్టేసి, మోకాలు గీరుకుపోయింది. ఇరవై ఏళ్లుగా బలహీనమైన ముందు బ్రేకుకు అలవాటుపడిన చేతికి కొత్త బ్రేకును అర్థం చేసుకోవడానికి రెండు నెలలు పట్టింది. బ్రేకు గట్టిగా వేస్తే ముందుభాగం మునుపటికన్నా లోతుగా దిగుతుందన్నది కూడా నిజమే.

నిర్వహణ పెరిగింది. డ్రమ్ముకు కేబులు, లైనర్లు తప్ప వేరే చింత లేదు. డిస్క్‌కు ప్రతి రెండేళ్లకు డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ మార్చి, లోపల చేరిన గాలి తీయాలి. మూడో ఏట దుమ్ము పేరుకుని కాలిపర్ పిస్టన్ ఒకటి పట్టేసింది. బండి నెట్టితే బరువుగా కదలడం, డిస్క్ ముట్టుకోలేనంత వేడెక్కడం చూసి గుర్తుపట్టాను. ఫోర్కు సీళ్లను ఈ ఆరేళ్లలో రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ కారింది డిస్క్ ఉన్న వైపే. సీలు నుంచి కారిన ఆయిల్ డిస్క్ మీదికి చేరితే బ్రేకు ఉన్నా లేనట్టే కాబట్టి, పైపు మీద తడి గీత కనబడగానే వాయిదా వేయకుండా విప్పుతాను.

చట్టం సంగతి ఒక మాట. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. నేను మార్చినది అంతకు ముందే అయినా, అది నాకు రక్షణ అనుకోవడం లేదు. బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేశాను. పాత ఫోర్కులు, డ్రమ్ము చక్రం నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద ఉన్నాయి.

సెట్టు, కొత్త పైపులు, కోన్ సెట్టు, చువ్వల బిగింపు, కూలి అన్నీ కలిపి అప్పట్లో 17,000 రూపాయల దాకా అయింది. బావమరిది బండికి అందులో మూడో వంతు కూడా కాలేదు. ఘాట్ రోడ్లలో, ఇద్దరితో, సామానుతో తిరిగేవారికి ఆ తేడా డబ్బు బ్రేకు కోసం పెట్టదగినదే. ఊళ్లో, పొలం దాకా, బజారు దాకా తిరిగే బండికైతే పాత ఫోర్కులను విప్పి, లోపల ఏముందో ముందు చూడమంటాను. బావమరిది ఈ మధ్య మళ్లీ డిస్క్ మాట ఎత్తాడు. అతను కార్తీకమాసంలో భార్యాపిల్లలతో శ్రీశైలం వెళ్తానంటే, సెట్టు వెతకడం మొదలుపెట్టాను. ఈసారి దుకాణానికి అద్దం వెంట తీసుకెళ్తున్నాను.