హెడర్ వంగకుండా వెల్డింగ్ చేసిచ్చిన షాపు, విజయవాడ ఆటోనగర్

మా ఆర్ఓ వాటర్ ప్లాంట్‌కి రెండు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఒక రకం) హెడర్లు, అంటే చిన్న పైపులన్నీ వచ్చి కలిసే పెద్ద పైపులు, కావాల్సి వచ్చాయి. ఒక్కోటి 3 అంగుళాల పైపు, 2.4 మీటర్ల పొడవు, ఒకే పక్కన వరసగా 6 స్టబ్‌లు (పెద్ద పైపుకి అతికించే పొట్టి పైపు ముక్కలు). చూడ్డానికి చిన్న పనే, కానీ వంకర పోకుండా చేసేవాళ్లు దొరకడమే కష్టం. మొదట వేరే చోట చేయించి డబ్బు పోగొట్టుకున్నాను. అక్కడ ఈ చివర మొదలుపెట్టి ఆ చివరి దాకా ఆగకుండా వెల్డ్ కొట్టేశారు, స్టబ్‌కీ హోల్‌కీ మధ్య ఉన్న సందునంతా రాడ్‌తో నింపేశారు. ఇంటికి తెచ్చి చివర నుంచి చివరకి దారం పట్టి చూస్తే నడుమ 9 ఎంఎం తేడా! స్టబ్‌లు ఒక్కోటి ఒక్కో వైపు చూస్తున్నాయి, కప్లింగ్ (పైపుల్ని కలిపే జాయింట్) కూర్చోదు, బలవంతాన బిగిస్తే నీళ్లు కారతాయి.

వెల్డ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, స్టబ్‌లన్నీ ఒకే పక్కన ఉంటే ఆ పక్కంతా ముడుచుకుని హెడర్ రెండు చివరలనీ అటే లాగేస్తుంది. స్టెయిన్‌లెస్‌తో ఈ బాధ ఇంకా ఎక్కువ. మామూలు ఇనుము కంటే ఇది వేడికి దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడి మాత్రం పక్కకి త్వరగా పాకదు, కొట్టిన చోటే నిలబడిపోతుంది.

ఈ షాపాయన నా పాత హెడర్ చూసి, గ్యాస్ మంటతో కాల్చి సరిచేయమంటే ఒప్పుకోలేదు. 304ని ఎర్రగా కాల్చితే తర్వాత అక్కడే తుప్పు పడుతుంది, కొత్తది చేయించుకోండి అన్నారు. పని పోయినా పర్వాలేదని ఉన్నమాట చెప్పినందుకే నాకు నమ్మకం కుదిరింది.

చేసిన పద్ధతి దగ్గరుండి చూశాను. రెండు హెడర్లనీ వీపులు ఆనించి, స్టబ్‌లు బయటికి ఉండేలా పడుకోబెట్టారు. నడుమ 8 ఎంఎం పట్టీ దూర్చి రెండు చివరలనీ క్లాంపులతో దగ్గరికి బిగించారు. అంటే వెల్డ్ ఎటు లాగుతుందో దానికి ఎదురుగా ముందే కొంచెం వంచి పెట్టారన్నమాట. హోల్స్ సందు లేకుండా కోశారు, ఎందుకంటే ఎంత ఎక్కువ రాడ్ కరిగిస్తే అంత ఎక్కువ లాగుతుంది. ప్రతి స్టబ్‌కీ ఎదురెదురుగా నాలుగు టాక్‌లు (కదలకుండా పట్టి ఉంచే చిన్న వెల్డ్ చుక్కలు) వేసి, రైట్ యాంగిల్ పెట్టి చూసి, అప్పుడు టిగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో చేసే వెల్డింగ్) పట్టుకున్నారు. ఒక హెడర్‌లో ఒకటో స్టబ్, తర్వాత రెండో హెడర్‌లో నాలుగోది, మళ్లీ మొదటిదాంట్లో ఆరోది, ఇలా దూరం దూరంగా, అదీ ఒకేసారి చుట్టూ తిప్పకుండా ఎదురెదురు ముక్కలుగా కొట్టారు. నేను టైం అవుతోందని తొందరపెడితే, "చెయ్యి పెట్టి చూడండి సార్, ఇంకా కాలుతోంది, ఇప్పుడు కొట్టను" అన్నారు. పూర్తిగా చల్లారాకే క్లాంపులు విప్పారు. మళ్లీ దారం పట్టాం: ఒకదాంట్లో 1 ఎంఎం, ఇంకోదాంట్లో ఒకటిన్నర. కప్లింగ్‌లు చేత్తోనే కూర్చున్నాయి, నాకు పెద్ద టెన్షన్ తీరింది.

లోపాలూ చెప్పాలి. మాటిచ్చిన రోజుకి రెండు రోజులు ఆలస్యం చేశారు, ఫోన్ చేస్తే సరిగా ఎత్తరు. పైపు లోపలికి ఆర్గాన్ పట్టడానికి డబ్బు విడిగా తీసుకున్నారు, ముందు చెప్పి ఉంటే బాగుండేది, అయినా అది తప్పనిసరి ఖర్చే. లోపల గాలి ఉండగా కొడితే వెల్డ్ వెనక పక్క నల్లగా మాడి గరుకుగా తయారవుతుంది, నీళ్లు పోయే పైపుకి అది మంచిది కాదు. ఇంకో సంగతి, వెల్డ్ చుట్టూ నీలం రంగు మరకలు అలాగే వదిలేశారు. ఆ మరకలు పోగొట్టే పికిలింగ్ పేస్ట్ (యాసిడ్ పేస్ట్) నేనే కొని రాయించుకున్నాను. మీరు వెళ్తే ఆ పేస్ట్ పనీ, ఆర్గాన్ ఖర్చూ కొటేషన్‌లోనే రాయించుకోండి, డెలివరీకి రెండు రోజులు ఎక్కువే లెక్కేసుకోండి.