ఎల్ మిరాజ్ దుమ్ములో ఆ ట్యాంకు కారు

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు. రేకు మీద సుత్తి మోగుతుంటే నిద్రపోయినవాణ్ణి నేను. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉంటున్న మా అమ్మాయి "ఈసారి ఏం చూస్తావు నాన్నా?" అంటే, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు సొంత చేతులతో కట్టుకున్న హాట్ రాడ్ కార్లు, అంటే వేగం కోసం మార్చుకున్న పాత కార్లు, చూపించమన్నాను. శుక్ర, శని, ఆదివారాలు దానికే పెట్టుకున్నాం.

మొదట లాస్ ఏంజెలెస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియం. 1948లో హాట్ రాడ్ పత్రిక ప్రారంభించిన రాబర్ట్ పీటర్సన్ పేరు మీద ఉంది. కింద కార్లు దాచి ఉంచే వాల్ట్‌కి టికెట్ వేరే, కానీ డబ్బు దండగ కాదు. కార్లన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. నేను వెతికింది మాత్రం అక్కడ లేదు: కట్టినవాడి చెయ్యి కనిపించాలి నాకు.

శనివారం పొమోనాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) మ్యూజియానికి వెళ్లాం. పీటర్సన్ కంటే చాలా చిన్నది, రద్దీ లేదు, పార్కింగ్ టెన్షన్ లేదు. అక్కడ వాలంటీరుగా ఉన్న ఒక పెద్దాయన గంటసేపు మాతోనే తిరిగాడు. 1951లో ఈ సంస్థను పెట్టిన వాలీ పార్క్స్ యుద్ధంలో పసిఫిక్‌లో పనిచేసి వచ్చినవాడే. బిల్ బర్క్ అనే హాట్ రాడ్ కుర్రాడు కూడా అక్కడే ఉండగా విమానాల డ్రాప్ ట్యాంకులు చూశాడు. అదనపు పెట్రోలు కోసం విమానానికి తగిలించి, ఖాళీ కాగానే జారవిడిచేవి అవి. నీటిబొట్టు ఆకారం, గాలిని ఇట్టే చీలుస్తుంది. 1946లో బర్క్ అలాంటి ట్యాంకునే కారు బాడీగా మార్చేశాడు. అలెక్స్ జిడియాస్ అయితే అదే ఏడాది మార్చి 3న సైన్యం నుంచి విడుదలై, ఆ రోజే కార్ల వేగం పెంచే విడిభాగాలమ్మే స్పీడ్ షాపు తెరిచాడు. 1952లో ఆయన ట్యాంకు కారు యూటాలోని బానవిల్ ఉప్పు మైదానంలో గంటకు 198 మైళ్లు అందుకుంది.

నన్ను కదిలించింది మాత్రం వేదా ఓర్ కథ. తనూ రేసర్ అయిన ఆవిడ, యుద్ధకాలంలో రేసుల వార్తాపత్రిక ఆగిపోకుండా నడిపి, సైన్యంలో ఉన్న కుర్రాళ్లకు పోస్టులో పంపేది. అది చదువుతూ, తిరిగెళ్లి ఏ కారు కట్టాలా అని ఎంతమంది ఆలోచించుకుని ఉంటారో!

రాత్రికి విక్టర్‌విల్‌లో ఒక మోటెల్. కింది అంతస్తులో రెండు మంచాల గది బుక్ చేస్తే, పైన ఒక మంచం గది ఇచ్చారు. మార్చమని అడిగితే కుదరదన్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందురోజే ఫోన్ చేసి గట్టిగా చెప్పుకోండి. బస మాత్రం ఆ ఊళ్లోనే మేలు, తెల్లవారుజామున లేచి, ఈ కార్ల పరుగులు జరిగే ఎల్ మిరాజ్ చేరుకోవచ్చు.

ఎల్ మిరాజ్ ఎండిపోయిన చెరువు. 1.3 మైళ్ల దారిలో ఒక్కో కారే, గడియారంతో పోటీ పడుతూ పోతుంది. నీడ లేదు, తాగడానికి నీళ్లు దొరకవు. మేము తెచ్చుకున్న పెరుగన్నం, నీళ్ల సీసాలే గతి. వానపడితే చెరువు మూసేస్తారు కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. ఇన్ని ఇబ్బందులున్నా, ఒక్కచోటికే వెళ్లగలమంటే నేను ఇక్కడికే వెళ్లమంటాను. కార్లు సిద్ధం చేసేచోట ఎవరినైనా పలకరించొచ్చు, ఎవరూ విసుక్కోరు.

అక్కడే ఒక ట్యాంకు కారు కనిపించింది. ముట్టుకోవచ్చా అని అడిగితే యజమాని తనే నా చెయ్యి పట్టుకుని రేకు మీద పెట్టాడు. రెండు సగాలు కలిసిన అతుకు వేళ్లకి తగిలింది, చుట్టూ సుత్తితో సరిచేసిన చిన్న చిన్న సొట్టలు. మా అమ్మాయిని పిలిచి తన చెయ్యీ పెట్టించాను. "తాతయ్య పని ఇదేనా?" అంది. ఇదేనమ్మా అన్నాను.

పదకొండింటికి గాలి లేచింది. దుమ్ములో దారి కనపడక పరుగులు ఆపేశారు. ఆయన ట్యాంకు మీద దుప్పటి కప్పుతుంటే, రెండో కొస నేను పట్టుకున్నాను.