డ్రైవర్ ఎక్కించే పని ప్లేబుక్‌కి అప్పగించి రెండున్నరేళ్లు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఆఫీసు. మిర్చి యార్డు కమిషన్ వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతాం. ఉబుంటు సర్వర్లు మూడు, వాటి మీద ప్రోగ్రాముల్ని నడిపించే కుబర్నెటీస్, డేటాని ఆ సర్వర్ల డిస్కుల్లో కాపీలుగా దాచే లాంగ్‌హార్న్. మొదట్లో ఈ స్టోరేజ్ డ్రైవర్‌ని, అంటే లాంగ్‌హార్న్‌ని, చేత్తోనే ఎక్కించేవాళ్లం. ఏ నోడ్‌లో (అంటే సర్వర్‌లో) ఏ కమాండ్ కొట్టామో ఒక కుర్రాడి నోట్‌బుక్‌లో ఉండేది. అతను సెలవు పెడితే మాకు టెన్షన్. రెండున్నరేళ్ల క్రితం ఆ పనంతా యాన్సిబుల్‌కీ (ప్లేబుక్ అనే ఫైల్లో రాసిస్తే సర్వర్లలో పనుల్ని వరసగా చేసేది) హెల్మ్‌కీ (చార్ట్ అనే ప్యాకేజీతో కుబర్నెటీస్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించేది) అప్పగించాం.

నిజానికి హెల్మ్ ఒక్కటే చాలనుకున్నాం. కొత్త నోడ్ కలిపితే, ప్రతి నోడ్‌లో ఒక కాపీ నడిపే డీమన్‌సెట్ డ్రైవర్ పాడ్‌ని (కుబర్నెటీస్‌లో నడిచే ప్రోగ్రాముని పాడ్ అంటారు) దానంతటదే అక్కడ పెట్టేస్తుంది కదా! కానీ కింద హోస్ట్‌లో, అంటే సర్వర్‌లోని ఉబుంటులో, డిస్క్‌ని నెట్‌వర్క్ మీద కలిపే ఓపెన్ ఐస్కజీ ప్యాకేజీ లేకపోతే లాంగ్‌హార్న్ మేనేజర్ లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. హెల్మ్ హోస్ట్ జోలికి పోదు. అందుకే యాన్సిబుల్.

అదీ పెట్టాక ఒక సీజన్ మధ్యలో ఒక వ్యాపారి ఫోన్: "బాబూ, తక్‌పట్టీ రావట్లేదేంటి? రైతులు నిలబడి ఉన్నారిక్కడ." తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే అమ్మకం బిల్లు. చూస్తే డేటాబేస్ పాడ్ 'కంటైనర్ క్రియేటింగ్' దగ్గరే ఆగిపోయింది. పాడ్ వివరాలు చూపే డిస్క్రైబ్ కమాండ్ కొడితే అడుగున ఒకటే గోల, మౌంట్ పాయింట్ బిజీ అని. లాంగ్‌హార్న్ స్క్రీన్ మీద మాత్రం వాల్యూమ్ (ఆ పాడ్‌కిచ్చిన డిస్క్) పచ్చగా, హెల్దీగా! గంటసేపు డేటాబేస్‌నే తిట్టుకున్నాం. అసలు దొంగ ఉబుంటులోని మల్టీపాత్ సర్వీసు, ఒకే డిస్క్‌కి ఉన్న వేర్వేరు దారుల్ని కలిపి చూసేది. లాంగ్‌హార్న్ ఇచ్చిన డిస్క్‌ని తనదే అనుకుని పట్టుకు కూర్చుంది. ఈ సంగతి లాంగ్‌హార్న్ డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదవనిది మేమే. మల్టీపాత్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ డిస్కుల్ని ముట్టుకోవద్దని బ్లాక్‌లిస్ట్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చేశాక పాడ్ లేచింది. ఇప్పుడు ఆ మార్పు ప్లేబుక్‌లో హెల్మ్ కంటే ముందే జరిగిపోతుంది.

అప్‌గ్రేడ్‌లో విసుగు ఉంది. లాంగ్‌హార్న్ వెర్షన్ 1.4 నుంచి నేరుగా 1.6కి దూకనివ్వదు, 1.5 మీదుగానే వెళ్లాలి. వెనక్కి రావడం అసలే లేదు. అందుకని చార్ట్ వెర్షన్ ఫైల్‌లో కచ్చితంగా రాసిపెట్టాం, లేటెస్ట్ అని వదిలేయం. స్నాప్‌షాట్లని (డేటా ఒక క్షణంలో ఎలా ఉందో దాచే కాపీల్ని) చూసుకునే కుబర్నెటీస్ స్నాప్‌షాట్ కంట్రోలర్ ఈ చార్ట్‌తో రాదు, విడిగా ఎక్కించుకోవాల్సిందే. ఇంత చేసినవాళ్లు అదొక్కటీ ఎందుకు కలపలేదో! మూడు కాపీల లెక్కన 100 జీబీ వాల్యూమ్ నిండితే 300 జీబీ పోతుంది. మేం రెండుకి తగ్గించుకున్నాం.

నాకు బాగా నచ్చింది చిన్న విషయం. కొత్తగా చేరిన కుర్రాడు టెస్ట్ క్లస్టర్ అనుకుని ప్రొడక్షన్‌లో, అంటే వ్యాపారులు వాడే అసలు సర్వర్లలో, లాంగ్‌హార్న్‌ని తీసేసే హెల్మ్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టాడు. సెట్టింగ్స్‌లో డిలీట్ కన్ఫర్మేషన్ ఫ్లాగ్ ఆన్ చేయలేదు కాబట్టి లాంగ్‌హార్న్ ఒప్పుకోలేదు, అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. అతన్నేమీ అనలేదు. ప్రొడక్షన్ కుబ్‌కాన్ఫిగ్ (క్లస్టర్‌లోకి వెళ్లడానికి తాళంచెవి లాంటి ఫైల్) మాత్రం ఆ సాయంత్రమే అతని లాప్‌టాప్‌లోంచి తీసేశాం, నా దాంట్లోంచి కూడా.