ఏడేళ్లు మ్యాజిక్ ఆడాక: కార్డు బలం ఎంతసేపు, ఎవరికి?

మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డులు నా చేతికొచ్చి ఏడేళ్లయింది. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో దాదాపు ప్రతి ఆదివారం ఆడతాం. మొదట్లో బొమ్మలు నచ్చి కొన్నాను. ఇన్నేళ్లూ కట్టిపడేసింది మాత్రం నిలిచి ఉండే ప్రభావాల లెక్క.

రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. గ్లోరియస్ ఆంథెమ్ బల్ల మీద ఉన్నంతసేపు మీ క్రీచర్లన్నిటికీ (పోరాడే జీవుల కార్డులు) +1/+1, అంటే కొట్టే బలం ఒకటి, దెబ్బ తట్టుకునే ఓర్పు ఒకటి పెరుగుతాయి. ఓవర్‌రన్ వేస్తే టర్న్ ముగిసేదాకా అన్నిటికీ +3/+3, పైగా ట్రాంపుల్ (అడ్డుకున్న క్రీచర్‌ని చంపగా మిగిలిన దెబ్బ ఎదుటి ఆటగాడికి తగలడం). చదివితే రెండూ ఒకే తీరుగా ఉంటాయి. కానీ ఆంథెమ్ తర్వాత దిగిన క్రీచర్‌కూ బలమిస్తుంది. ఓవర్‌రన్ పనిచేసే క్షణానికి బల్ల మీద ఏవి ఉన్నాయో వాటికే ఇస్తుంది.

ఇది నాకు ఓడిపోయాకే ఎక్కింది. ఓవర్‌రన్ వేసి, మిగిలిన ఒక్క ఎర్ర మానాతో (కార్డులు వేయడానికి ఖర్చయ్యే శక్తి) రేజింగ్ గాబ్లిన్ అనే 1/1 క్రీచర్‌ని దింపాను. హేస్ట్ (దిగిన టర్న్‌లోనే దాడి చేయగల గుణం) ఉంది కదా, మిగతావాటితో పాటు దాడికి పంపేశాను. దాన్ని ఎవరూ అడ్డుకోలేదు.

"బావా, గాబ్లిన్‌తో నాలుగు. అయిపోయింది."

"అది దిగింది ఓవర్‌రన్ తర్వాత కదరా. ఒకటే."

బావకు రెండు లైఫ్ (సున్నాకొస్తే ఓటమి) మిగిలింది. మరుసటి టర్న్‌లో నన్ను ఓడించాడు. గాబ్లిన్‌ని ముందు దింపి ఉంటే ఆట నాదే.

దెబ్బల లెక్క ఇంకా అందంగా ఉంటుంది. మీ 2/2 క్రీచర్ ఆంథెమ్ వల్ల 3/3 అయి, రెండు దెబ్బలు తిని నిలబడిందనుకోండి. అదే టర్న్‌లో ఎవరైనా ఆంథెమ్‌ను తీసేస్తే అది అక్కడికక్కడే చస్తుంది. ఓవర్‌రన్ బలంతో బతికినదానికి ఆ భయం లేదు. టర్న్ చివర దెబ్బలూ ఆ బలమూ ఒకేసారి పోతాయి. నియమాల్లో ఆ "ఒకేసారి" అనే మాట పెట్టినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇవేవీ కార్డు మీద ఉండవు. పూర్తి నియమావళి వందల పేజీలు, కొత్తవాళ్లకు టెన్షనే. 2019లో పూర్తిగా విడుదలైన అరీనాలో (మ్యాజిక్ డిజిటల్ రూపం) అంకెలు వాటంతటవే మారిపోతాయి. హాయిగా ఉంటుంది, కానీ ఎందుకు మారాయో బుర్రకెక్కదు. నేర్చుకోవాలంటే బల్ల మీదే ఆడమంటాను. మా పద్ధతి ఒకటుంది: ఓవర్‌రన్ పనిచేయగానే బలం అందిన ప్రతి క్రీచర్ మీదా ఒక రూపాయి బిళ్ల పెడతాం, టర్న్ ముగిశాక తీసేస్తాం. తర్వాత దిగిన దాని మీద బిళ్ల ఉండదు. అప్పటినుంచి ఆ గొడవ మళ్లీ రాలేదు.